తాడు పట్టుకున్నవాడి కుళ్ళు

మా బావను చూస్తే నాకు కుళ్ళు. ఇలాంటి మాట నలుగురిలో అనకూడదని తెలిసే అంటున్నాను. ఆయన మా అక్క మొగుడు. నల్లమల అంచున మా చెంచుగూడెంలో ఉంటాడు, కొండల్లో తేనె కోస్తాడు. నేనూ ఆ గూడెంలోనే పుట్టాను. చదువుకుని మాచర్లలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. గూడెం మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే, అడవుల గురించి ప్రపంచ దేశాలన్నీ మాట్లాడుకునే ఓ పెద్ద సమావేశానికి చెంచుల తరఫున ఒకరిని పంపమని ఓ సంస్థ వాళ్ళు వచ్చి అడిగితే, నేను మనసులో అప్పుడే పెట్టె సర్దేసుకున్నాను.

ఏ అడవిని ఎలా కాపాడాలి, అందులో ఎవరుండాలి, ఎవరు ఉండకూడదు అని దేశాలు అక్కడ కూర్చుని తీర్మానించుకుంటాయి. ఆ తీర్మానాలు చేతులు మారి మారి చివరికి మా గూడెం దాకా వస్తాయి. పులుల కోసం మీరు ఖాళీ చేయాలని జీపులో వచ్చినవాళ్ళు చెప్పినప్పుడు కూడా, ఆ మాట ఎక్కడ పుట్టిందో మాకు తెలియదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంటుంది వ్యవహారం. ఇన్నాళ్ళకు మాలో ఒకడిని రమ్మన్నారు. ఓటు ఉండదట, దేశాలన్నీ మాట్లాడాక రెండు మాటలు చెప్పుకోవచ్చట.

ఎవరిని పంపాలా అని గూడెం కూర్చుంది. నేను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కూర్చున్నాను. గూడెం పెద్ద చుట్ట ఆర్పి, మా బావ వైపు చెయ్యి చూపించాడు.

"ఈయన పోతాడు."

"ఆయనకు ఇంగ్లీషు రాదు గదా పెదనాయనా," అన్నాను.

"నువ్వు మాచర్లలో ఉంటివి. రేపు గూడెం ఇడిచి లెమ్మంటే లేవాల్సింది మేము. నిన్నెవురు లేపుతార్రా?"

అందరూ నవ్వారు. బావ ఇంకాస్త గట్టిగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు, కానీ మండే ఒంటికి న్యాయంతో పనేముంది?

పోనీ ఆయన కాస్త అణకువ గల మనిషైనా బాగుండేది. నరసరావుపేట పోయి నల్లకోటు కొనుక్కొచ్చాడు. రోళ్ళు పగిలే ఎండలో ఆ కోటు వేసుకుని మాచర్ల బజారంతా తిరిగాడు. టీ కొట్టు దగ్గర ఎవరడిగినా, అడగకపోయినా, విమానంలో కిటికీ పక్కన సీటు ఎలా సంపాదించాలో వివరించాడు. సెంటర్లో ఆయనకు ఫ్లెక్సీ కూడా లేచింది. దానిలో నాయకుల మొహాలు బండిచక్రాలంత ఉన్నాయి, వెళ్ళబోయే బావ మొహం కింద మూలన నిమ్మకాయంత ఉంది. ఆ నిమ్మకాయంత మొహాన్ని చూసి కూడా నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

"ఏంది బామ్మర్దీ, ఆముదం తాగినట్టు పెట్టావ్ మొహం?" అని భుజం మీద చరిచేవాడు.

నాకూ ఓ పని అప్పగించారు. ఆ హాల్లో పెద్ద పెద్ద భాషలకు అనువాదం చేసేవాళ్ళుంటారు కానీ తెలుగుకు లేరు. బావ అక్కడ తెలుగులో మాట్లాడితే, నేను మాచర్లలో కంప్యూటర్ ముందు కూర్చుని వింటూ ఇంగ్లీషులో చెప్పాలి. హాల్లో వాళ్ళు చెవుల్లో పెట్టుకుని వింటారు. అంటే ప్రపంచం ముందు కూర్చునేది ఆయన, మాచర్ల ఉక్కపోతలో కూర్చునేది నేను. ఆయన చదవాల్సిన ప్రసంగమూ నన్నే రాయమన్నారు. రోజూ బడి అయ్యాక కూర్చుని రాశాను. ముందు ఇంగ్లీషులో రాసి, బావ చదవడానికి తెలుగు చేశాను. నేను వెళ్ళలేకపోయినా నా మాటలన్నా వెళ్తాయి కదా అన్నది నా ఆశ.

బావ బయల్దేరే ముందు రోజు అక్క నన్ను పక్కకు పిలిచింది. నా కడుపుమంట ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది.

"కుళ్ళుకుంటే కుళ్ళుకో రా. తాడు మాత్రం వదలమాక," అంది.

అది మాలో ఉన్న పద్ధతి. తేనె కోసేవాడు కొండ కొస నుంచి నారతాడు మీద లోయలోకి దిగుతాడు. చుట్టూ పొగ, ఈగలు, కింద రాళ్ళు. పైన ఆ తాడుకు కాపలా ఉండేది అతని భార్య తోడబుట్టినవాడే. సొంత అన్నదమ్ములకు తాడు ఇవ్వరు. అన్నదమ్ముల మధ్య ఎంత ఓర్వలేనితనం ఉంటుందో ఎవరు చూశారు? బామ్మర్దికి ఎంత కుళ్ళున్నా సరే, తాడు కొసన వేలాడేది తన అక్క బొట్టు కాబట్టి వదలడని మా పెద్దల నమ్మకం. పెళ్ళయినప్పటి నుంచీ మా బావ తాడు నా చేతిలోనే ఉంది.

సమావేశం రోజు మధ్యాహ్నం బడిలో కంప్యూటర్ గదిలో కూర్చున్నాను. మొగుణ్ణి చూసుకోవాలని అక్క కూడా గూడెం నుంచి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది. తెర మీద ఆ హాలు కనిపించింది. ముందు వరసల్లో దేశాల పేర్ల బోర్డులు, ప్రతి బోర్డుకీ ఒక మైకు. వెనక గోడ దగ్గర, బోర్డుల్లేని కుర్చీల్లో రకరకాల అడవుల వాళ్ళు, వాళ్ళ మధ్య మా బావ, నల్లకోటు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. అక్కడ వడ్డించేవాళ్ళలో మనవాడెవడూ లేడు.

ఒక దేశం తర్వాత ఒక దేశం మాట్లాడుతూనే ఉంది. ఎవరికీ తొందర లేదు. ఒకాయన మధ్యలో నీళ్ళు తాగి, కాగితాలు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. బావకు మొదట మూడు నిమిషాలన్నారు, తర్వాత రెండన్నారు. చివరికి అధ్యక్షురాలు గడియారం చూసి ఒక్క నిమిషమంది.

బావ లేచాడు. నేను రాసిన కాగితం తీసి చూశాడు. ఒక్క నిమిషంలో అది పూర్తికాదని అనుకున్నాడో, అసలు చదివే ఉద్దేశమే లేదో, మడిచి కోటు జేబులో పెట్టేసుకున్నాడు. నా ప్రసంగం జేబులోకి పోయింది.

"అయ్యా, నేను తేనె కోసేవాణ్ణి," అని మొదలుపెట్టాడు.

ఆ ప్రసంగం ఇంగ్లీషు కాపీ నా ముందుంది. సంస్థ వాళ్ళను లోపలికి రానివ్వలేదు, ఆ హాల్లో తెలుగు తెలిసినవాడు ఇంకెవడూ లేడు. నా పక్కనున్న అక్కకు ఇంగ్లీషు రాదు. నేను నా కాగితం చదివేస్తే అడిగేదెవరు? నేను చెప్పిందే ఆయన చెప్పింది అవుతుంది. మొదటి వాక్యం నా నాలుక మీదకు వచ్చేసింది కూడా.

అప్పుడు బావ అన్నాడు: "నేను తాడు మీద కిందికి దిగతా. పైన తాడు పట్టుకునేది నా బామ్మర్ది. ఇంకెవురికీ ఇయ్యం."

ఆ మాటను నేనే నా నోటితో ఇంగ్లీషులో చెప్పాలి. నా కాగితం బోర్లా తిప్పి, ఆయన అన్నది అన్నట్టుగా చెప్పాను.

"ఇప్పుడు మా అడవి తాడు మీ చేతుల్లో ఉంది. ముడి మీరే ఏస్తన్నారు, మీరే ఇప్పతన్నారు. కింద ఏలాడేది మేము. నేనొకటి అడగతా..."

మైకు మీద ఎర్రలైటు ఆరిపోయింది. నిమిషం అయిపోయిందట. తెర మీద ముందువాళ్ళ తలల పైనుంచి బావ మొహమొక్కటే కనిపిస్తోంది, పెదాలు ఇంకా కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. అధ్యక్షురాలు తల వంచుకుని తర్వాతి పేరు వెతుక్కుంటోంది. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఏమంటన్నాడ్రా? చెప్పు! నువ్వు చెప్పు!"

నా మైకు ఇంకా పనిచేస్తోంది. ఆయన ఏమంటున్నాడో నాకు వినపడలేదు. కానీ తాడు పట్టుకున్నవాడు కొస దాకా పట్టుకోవాలి. నేను ఇంగ్లీషులో అన్నాను: "మీరు మాకు ఏమవుతారు?"

ముందు వరసల్లో కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. నీళ్ళు తాగిన పెద్దమనిషి కూడా తిరిగాడు. మరుక్షణమే నా లైనూ పోయింది.

బావ తిరిగొచ్చిన రోజు గూడెమంతా ఆయన చుట్టూ చేరింది. అక్కడివాళ్ళు ఆయన ఏమన్నాడని చెప్పుకున్నారో, సంస్థ వాళ్ళు దార్లో ఆయనకు చెప్పినట్టున్నారు.

"నేను అడిగా, మీరు మాకు ఏమవుతారయ్యా అని! హాలు హాలంతా ఎనక్కి తిరిగి చూసింది!" అన్నాడు కోటు కాలరు సర్దుకుంటూ.

నా కడుపు భగ్గుమంది. ఆ హాల్లో నాదంటూ వినపడింది అదొక్క వాక్యం. అది కూడా తన ఖాతాలో వేసుకున్నాడు. ఫ్లెక్సీ ఆయనకే, విమానమూ ఆయనకే, ఆఖరికి నా మాట కూడానా! జనం వెళ్ళేదాకా ఆగి, ఇంటి వెనక్కి లాక్కుపోయి అడిగేశాను.

"మైకు కట్టేశాక నువ్వన్నది అది కాదు బావా. ఏమన్నావో చెప్పు."

దబాయిస్తాడనుకున్నాను. ఆయన కోటు విప్పి దండెం మీద వేశాడు. చాలాసేపు దాని ముడతలు సరిచేశాడు.

"ఇంకొక్క నిమిషం ఇయ్యండయ్యా అన్నా. బతిమాలుకున్నా రా. చేతులు కూడా జోడించా." నా వైపు చూడలేదు. "ఎవురికీ చెప్పమాక. మీ అక్కకసలే చెప్పమాక. నీ మాటే బాగుంది, అదే ఉండనియ్."

ఆయన పులి అడుగుల మీద అడుగేసుకుంటూ నడిచిన మనిషి. లోయలో వేలాడుతూ నా మీద జోకులేసే మనిషి. ఎవరి దగ్గరా చెయ్యి చాచగా నేను చూడలేదు. మాట్లాడటానికి ఒక్క నిమిషం కోసం చేతులు జోడించాడు, ఆ దణ్ణమూ ఎవరి కంటా పడలేదు. ఆయన మీద నాకున్న కుళ్ళు ఆ రోజుతో పోయిందని చెప్పను. ఆ కోటు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ అంతకంటే పెద్ద మంట ఆ బోర్డుల వెనక కూర్చున్నవాళ్ళ మీద. మాట మధ్యలో నీళ్ళు తాగి, తీరిగ్గా మళ్ళీ మొదలుపెట్టే ఆ పెద్దమనిషిని తలుచుకుంటే నాకు అన్నం సహించదు. మాకూ ఒక బోర్డు, ఎవరూ కట్టేయని ఒక మైకు వచ్చేదాకా ఈ కుళ్ళు నాలో ఉండాలనే కోరుకుంటున్నాను.

మొన్న అక్క పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నట్టుండి అడిగింది, "ఆ ఆఖరి మాట నిజంగా ఆయనే అన్నాడా?"

"ఆయనే అన్నాడక్కా," అన్నాను.