సువ్వి పాటా, పత్తి గోడలూ

మొన్న మా మనవరాలు తన గది గోడలకి నల్లటి మెత్తటి పలకలేవో అంటిస్తుంటే గడపలో కూర్చుని చూస్తూ, ఇవెందుకే తల్లీ అని అడిగాను. పాట గోడలకి తగిలి వెనక్కి రాకుండా ఇవి పీల్చేసుకుంటాయి నానమ్మా అంది. ఒకదాన్ని తీసుకుని నొక్కి చూశాను. మెత్తగా లోపలికి పోయి మళ్ళీ నిదానంగా పైకి లేచింది. అచ్చం పత్తి రాశిలో చెయ్యి పెట్టినట్టే ఉంది, గింజ తగల్లేదు, అంతే తేడా. దాంతో నా ప్రాణం ఒక్కసారిగా మా పాత ఇంటి ముందుగదిలోకి వెళ్ళిపోయింది. మూడో తరగతితో బడి మానిపించిన దాన్ని, వరసా వాయీ లేకుండా చెబుతుంటాను, నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుకోండి.

మా మామగారు నాలుగెకరాలు సంపాదించుకోక ముందు చిలకలూరిపేటలో పత్తి గింజ తీసే మిల్లులో పనిచేశారు. ఆ యంత్రాల రొద పడుచుతనమంతా వినీ వినీ, నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన చెవులు మందగించాయి. కానీ చెవుడు అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు. మీరంతా గొణుగుతారు, గట్టిగా మాట్లాడే వంశం కాదు మీది అని ఆయనే మమ్మల్ని దెప్పేవారు. మాట అందకపోతే "అదే, అదే" అని తల ఊపేవారు. ఆ "అదే" వచ్చిందంటే వినపడలేదని మాకు గుర్తు. ఒకసారి ఎవరో వచ్చి మీ వియ్యంకుడు కాలుజారి పడ్డాడండీ అంటే, అదే, మంచిమాట చెప్పావు అన్నారు పాపం. అప్పటినుంచి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేశారు. చివరికి కూతురి ఇంటికి కూడా.

ఆ కూతురే మా ఆయనకి అక్క, నాకు వదిన. దర్శి దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులుకిచ్చి చేశారు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ రోటి దగ్గర ఆవిడదే పాట. ఒడ్లు దంచినా మిరపకాయలు కొట్టినా, పాట పాదం చివర "సువ్వీ" అని ఒక తీగ లాగేది చూడండి, ఎదురు రోకలి పట్టిన మనిషి ఆ సువ్వి అయ్యేదాకా రోకలి గాల్లోనే పట్టుకు నిలబడాల్సిందే. చేతులు లాగేస్తున్నాయే, కాస్త తుంచవే తల్లీ అని అత్తగారు మొత్తుకునేవారట. మామగారు మటుకు పొలం నుంచి వస్తూ దొడ్డిగుమ్మం దగ్గర ఆగిపోయి, ఆ సువ్వి తెగాక గానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదట. ఇదంతా అత్తగారు చెప్పిందే, నేను చూసింది కాదు.

మా ఊరికి కరెంటు వచ్చిన ఏడు మిరపకాయలు బాగా పలికాయి. పూరిల్లు తీసేసి సిమెంటు గోడలతో డాబా వేశాం, మా ఆయన రేడియో తెచ్చారు. తెచ్చిన రోజున అత్తగారు దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, గోడ గూట్లో పెట్టించి, దిష్టి తగలకుండా ముసుగు కుట్టి కప్పారు. అందులో మనిషి మాట్లాడితే ముసుగులోంచి కొత్తకోడలు మాట్లాడినట్టుండేది. ముసుగు తీస్తే నూతిలోంచి మాట్లాడినట్టుండేది. మామగారు దాని ముందు కూర్చుని కాసేపు విని, అదే, అదే అని లేచి అరుగుమీదికి పోయేవారు. అది చూసి మా ఆయన మొహం చిన్నబోయేది. ఆ పెట్టె తెచ్చింది మామగారి కోసమే మరి.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి మా ఇంట్లో ప్రయోగాలు. కొత్త పెట్టె కొనే తాహతు లేదు గనక ఉన్నదాన్నే దారికి తేవాలి. గూట్లోంచి దించి బల్లమీద పెడితే గూటి గుంయ్‌మోత కొంత తగ్గింది. పాత సైకిలు ట్యూబు కోసి ముక్కలు కాళ్ళకింద పెడితే బల్ల అదరడం మానింది. డాబామీద ఆ చివరనుంచి ఈ చివరకి ఏరియల్ అని రాగితీగ కట్టారు. ఎర్తు అని పెట్టెకి ఉండే నేలతీగని బట్టలుతికే బండ పక్కన తడిలో పాతి, దానికి రోజూ చెంబుడు ఉప్పునీళ్ళు పొయ్యడం నా పని, తులసికోటకి పోసినట్టు పోసేదాన్ని. బరబర తగ్గింది గానీ మాట విడిపడలేదు. ఎవరో చెబితే పెట్టె వెనక ఖాళీ గోతాం వేలాడదీశారు మా ఆయన. అది మిరపకాయల గోతాం అని చూసుకోలేదు. వార్తలు మొదలయ్యేసరికి ఇల్లంతా ఒకటే తుమ్ములు. మామగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఒరేయ్, ఈ తుమ్ములు బాగా వినపడుతున్నాయిరా! ఇవి ఏ స్టేషనువి?" అన్నారు. ఆ గదిలో ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఆ ఏడు పత్తి వచ్చాక, కొట్టం నిండా మిరపకాయలుండటంతో పత్తిని ముందుగదిలోనే రెండు గోడల వెంబడి నడుం పైదాకా పోయించాం. ఆ సాయంత్రం వార్తలు వస్తున్నాయి. ఆముదాల ధర సంగతేదో చెబుతుంటే మామగారు ఠక్కున తల తిప్పి, ఏమే, ఆముదాలు పెరిగాయటే అన్నారు. అత్తగారి చేతిలో చేట అలాగే ఆగిపోయింది. ఇదంతా తన ట్యూబు ముక్కల మహిమే అనుకుని మా ఆయన మూడు వీధులు చెప్పుకున్నారు. పురుగు పట్టిందేమో చూద్దామని ఒకరోజు పత్తిని పక్కగదిలోకి తోడిస్తే మాట మళ్ళీ నూతిలో పడింది. తిరిగి తెచ్చి పోస్తే తేరుకుంది. బొంతలూ పరుపులూ నిలబెట్టి చూశాం, ఆ పనితనం వాటికి రాలేదు. అప్పుడు అత్తగారు అన్నారు, "ఈ సిమెంటు గోడలు ఎదురు మాట్లాడుతున్నాయిరా. పత్తి ఉంటే నోరు మూసుకుంటున్నాయి."

సరిగ్గా ఆ రోజుల్లోనే పంతులుగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రేడియో వాళ్ళు ఆడవాళ్ళ పాటలు ఏరుకుంటూ వాళ్ళ ఊరు వచ్చారనీ, వదిన గొంతు విని పిలిచారనీ, వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమంలో పాడుతుందనీ. ఇప్పటి పిల్లలకి ఏం చెప్పినా అర్థం కాదు, అప్పట్లో పాట ఒక్కసారే వచ్చేది. వినకపోతే గాల్లో కలిసిపోయినట్టే. మామగారు కూతురి గొంతు విని ఎన్నేళ్ళయిందో. ఆయన చెవులు నెలనెలకీ మూసుకుపోతున్నాయని మాకందరికీ తెలుసు, ఈసారి తప్పితే మరోసారి లేదని కూడా తెలుసు. 

శుక్రవారం తెల్లారేసరికి ఆయన గడ్డం గీయించుకుని ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నారు. ఇంతలో వాకిట్లో లారీ ఆగింది. చిలకలూరిపేట నుంచి బేరగాడు వచ్చాడు, పత్తి ఎత్తుకుపోతానని. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. వాన పడితే ధర దిగిపోతుంది, ఎల్లుండి ఈ ధర నా నోట రాదమ్మా అన్నాడతను. మామగారు లేచి ఎత్తండ్రా అన్నారు. పాట వేరు, బేరం వేరు గదా రైతుకి. అత్తగారు కొంగు బిగించి గడపకి అడ్డంగా నిలబడ్డారు.

"శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తానా నేను? తప్పుకో అబ్బాయ్."

"పోయినేడు శుక్రవారమే గదే తోలింది!"

"అందుకే పోయినేడు పాడిగేదె పోయింది."

"అది ముసలిదై పోయిందే!"

"ముసలివాళ్ళంతా పోతున్నారా ఏవయ్యా? నువ్వు లేవూ?"

ఆయనకి వినపడాలని ఆవిడ కేకలు, ఆయన సహజంగానే కేకలు, వీధంతా గుమిగూడి నవ్వింది. నేను తలుపు చాటున నిలబడి నవ్వలేకపోయాను. పత్తి ఎందుకు ఆపుతోందో చెబితే, నీకు చెవుడు అని చెప్పినట్టే గదా. ఆ మాట అనలేక ఆ మహాతల్లి లక్ష్మిని అడ్డం పెట్టుకుంది. బేరగాడు విసుక్కుంటూ లారీ తిప్పుకుపోయాడు.

మధ్యాహ్నం తలుపులు మూసి, ఉన్న పత్తిని మూడో గోడకి కూడా సర్ది, ఆయన్ని మధ్యలో పీటవేసి కూర్చోబెట్టాం. వదిన గొంతు వచ్చింది. ఆ పెట్టెలోంచి, ఎదురుగా రోటి దగ్గర నిలబడి పాడినట్టుగా వచ్చింది. అత్తగారు ఏడుస్తున్నారు, మా ఆయన పెట్టెకేసి చేతులు జోడించారు. అయిపోయాక అందరం మామగారి మొహంలోకి చూశాం. ఆయన మొహంలో సంతోషం లేదు.

"సువ్వి తెగిపోతోంది," అన్నారు.

టైము చాలక తుంచమని ఉంటారులే నాన్నా అన్నారు మా ఆయన. రేడియో వాళ్ళకి కొలత ఉంటుంది గదా అన్నాను నేను.

"కాదురా. తుంచడం వేరు, తెగడం వేరు. పిల్లకి ఊపిరి అందట్లా."

చొక్కా తొడుక్కున్నారు. ఎక్కడికని అడిగితే దర్శి బస్సుకి అన్నారు. గుమ్మం దాటబోతూ ఆగి, పక్కనున్న పత్తిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి కాసేపు ఉంచి, అత్తగారి వైపు చూసి మెల్లగా, "శుక్రవారమైనా ఫర్వాలేదు, ఇక తోలించు" అన్నారు. ఆయనకి అంతా తెలుసన్నమాట.

మరునాటికి వదినని తీసుకుని వచ్చారు. వచ్చేపోయేవాళ్ళతో బాగానే ఉన్నానని చెప్పి పంపేదే గానీ, మనిషి పుల్లలా అయిపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరుగారు చూసి ఊపిరితిత్తికి నీరు పట్టిందన్నారు, ఇంకా ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదన్నారు. ఎన్నో నెలలు మా ఇంట్లోనే పడుకుంది, బతికింది. ఈలోగా వాన పడింది, పత్తి ధర దిగింది, దిగిన ధరకే అమ్ముకున్నాం. 

వదిన మళ్ళీ అంత పొడుగు సువ్వి పాడలేదు. మామగారికి ఆ తర్వాత రెండేళ్ళకే ఏమీ వినపడకుండా పోయింది. అయినా వదిన వచ్చి రోకలి పట్టిందంటే చాలు, ఆయన వచ్చి రోటి దగ్గర కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించేవారు. దంపు దంపుకీ ఆ చెయ్యి కొద్దిగా అదిరేది. ఇద్దరూ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆ డాబా కూడా లేదు.

మనవరాలు పలకలన్నీ అంటించాక నన్ను మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఏదో కొత్త పాట పెట్టింది. ఎంత నిర్మలంగా ఉందో చెప్పలేను, తేనె పోసినట్టుంది. ఎలా ఉంది నానమ్మా అంటే బాగుందే అన్నాను, నిజంగానే బాగుంది. కానీ ఏదో వెలితిగా ఉంటే, కాసేపు చెవులు రిక్కించి విని, ఆ పాడే పిల్ల ఊపిరి ఎక్కడ తీసుకుంటోందే అని అడిగాను. మనవరాలు నవ్వింది. ఊపిరి చప్పుళ్ళు వినడానికి బాగోవని చాలావాటిల్లో ముందే తీసేస్తారు నానమ్మా అని చెప్పింది.

 మనవరాలు అంటించిన పలకమీద చెయ్యి ఆనించుకుని, ఈ గదిలో మా మామగారు కూర్చుంటే ఏం వినేవారా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.