డ్రాగన్‌కు దిష్టి తీసిన వీరుడు

ఛాయ్ వస్తది గనీ, ముందుగాల మీరు నా మొఖం దిక్కు చూసి నవ్వుడు ఆపుండ్రి. గీ గీతలు పిల్లి గీకినయి కావు. మా ఇంటామె పని అసలే కాదు, ఒట్టు! మొన్న ఆదివారం నాకు డ్రాగన్‌తోని లడాయి అయ్యింది. అవును, డ్రాగనే! రెక్కలు, తోక, అన్నీ ఉన్నయి. ఎవరు గెలిచిన్రో నా మొఖం చూస్తే తెలుస్తలేదా? చెప్త, వినుండ్రి.

అజీజ్‌నగర్‌ల ఫామ్‌హౌజులు దాటినంక స్వరూపక్క సత్రం ఉన్నది, మీకెరికేనా? 'మంచు సత్రం' అని బోర్డు ఉంటది. అక్క ఇంతకుముందు ఫామ్‌హౌజులల్ల వంట చేసేది. ఆమె బిడ్డ ఫోన్ల ఆడే గేములల్ల ఓ సత్రం వస్తదట. వీరులు, మాంత్రికులు కొట్లాడి కొట్లాడి అలిసిపోయి అండ్లకొచ్చి తింటరు, ముచ్చట్లు పెడతరు. అది చూసి అక్క, "గిసొంటిది మన రోడ్డు మీద ఎందుకు ఉండొద్దు?" అన్నది. అన్నది, కట్టేసింది! రేకుల షెడ్డుకు రాతిగోడ లెక్క రంగు. నీళ్ల డ్రమ్ములకు కట్టె పీపాల లెక్క రంగు. చూరు పొడుగూత దూదితోని మంచు. నిజంగ చెప్తున్న, ఆ మనిషి బుర్రకు దండం పెట్టాలె. చలి వస్తే మనకు మంకీ క్యాప్ తప్ప ఇంకోటి యాదికి రాదు. ఆమె చలినే దుకాణం చేసింది.

ఆడ ఒక రూలున్నది. గడప దాటితే అసలు పేరు బందు. ఆ లోకం పేర్లే, ఆ లోకం ముచ్చట్లే. ఎవరన్న మర్చిపోతే అందరికీ ఛాయ్ అందియ్యాలె. ప్రతి ఆదివారం పొద్దుగాల మేము ముగ్గురం హాజరు. మా ఊరి పాత సర్పంచ్ అంతిరెడ్డి బాపు మహారాజు. సాఫ్ట్‌వేర్ల పనిచేసే ప్రసాద్ గారు మాంత్రికుడు. ఆయనది కాకినాడ దిక్కు. ఈడ ఇల్లు కట్టుకొని ఎన్నో ఏండ్లయింది గనీ నోట్లకెళ్లి 'అండి' మాత్రం పోలేదు. ఇగ మొయినాబాద్‌ల మోటర్ వైండింగ్ దుకాణం నడిపే ఈ బాల్‌రాజు... ఖడ్గవీరుడు! నూనె డబ్బా రేకు కోసి కవచం నేనే చేసుకున్న. కూసుంటే పొట్టల గుచ్చుకుంటది, అందుకే నిలబడే ఛాయ్ తాగుత.

హాల్ల గోడ మీద రేకు డ్రాగన్ ఉన్నది. దాని కడుపు గోడ అవుతలికి, వంటింట్లకు ఉంటది. ఆ కడుపుల కుంపటి. గొంతుల బ్లోయర్, దాని మోటర్ నేనే చుట్టిన. వంటింట్లకెళ్లి కుంపట్ల సాంబ్రాణి ఏస్తే హాల్ల డ్రాగన్ నోట్లకెళ్లి పొగ బుస్సుమని వస్తది. గొప్ప కాదు గనీ, మొయినాబాద్ మొత్తంల అసొంటి మోటర్ లేదు.

అన్నీ ఉన్నయి, గిరాకే లేదు. మేము ముగ్గురం ఛాయ్ తాగి కుర్చీలు అరగదీస్తే సత్రం నడుస్తదా? అక్క ఒకనాడు రూలు పక్కకు పెట్టి చెప్పింది, "ఈ చలికాలం నడిస్తే నడిచినట్టు బాల్‌రాజన్నా. లేకుంటే మల్ల ఎవరిదో వంటింట్లకు పోవుడే." నా పానం చివుక్కుమన్నది. అట్లాంటిది మొన్న ఆదివారం సిటీల ఓ అపార్ట్‌మెంటోళ్లు పిల్లాజెల్లాతోని బస్సేసుకొని వచ్చిన్రు. వాళ్ల పెద్ద వసుంధర మేడం. ఆమెకు నచ్చితే చలికాలం అయ్యేదాంక ప్రతి ఆదివారం ఓ బ్యాచ్ తెస్తదట. నచ్చకుంటే ఇగ అంతే.

ఆ రోజు మంచు గట్ల గిట్ల కాదు, రోడ్డే కనబడ్తలేదు. మేము మా జాగలల్లకు పోయి షురూ చేసినం.

"మహారాజా, మీ రాజ్యంల ఇంత చలేంది?" అన్న.

"రాజ్యంల చలి లేదురా, నా స్వెట్టర్ల బొక్కున్నది," అన్నడు బాపు.

"మంత్రం వేసి పూడ్చమంటారా ప్రభూ?" అన్నరు ప్రసాద్ గారు.

"నీ మంత్రం నాకెరికే. పోయినసారి కరెంటు రప్పియ్యమంటే టార్చిలైటు తెచ్చినవ్!"

పిల్లలు ఒక్కటే నవ్వుడు. ఇగ నాకు ఊపొచ్చింది. కత్తి తీసి డ్రాగన్ దిక్కు చూపెట్టిన. "పిల్లలూ, ఏడు డ్రాగన్లను నేను ఒక్కణ్ణే చంపిన! ఇది ఎనిమిదోది. నా కాళ్లు పట్టుకొని ఏడ్చింది, పోనీ పాపమని గోడకు తగిలించిన!" పిల్లలు నోరు తెరిచిన్రు. నా రేకు కవచం కూడ ఉబ్బినట్టయింది.

అక్క ఒక్కతే ముప్పై మందినన్న సంబాళించింది. గ్లాసులల్ల మిరియాల చారు పోసి 'మాంత్రికుల కషాయం' అన్నది. సర్వపిండి రొట్టెలు పెట్టి 'డ్రాగన్ పొలుసు' అన్నది. పిల్లలు పోటీ పడి తిన్నరు! మేడం అయితే, "ఎంత బాగుందో! ఇంత అందమైన చోటు నేనెక్కడా చూడలేదు," అని ఒక్కటే తీరు. పక్కామె అదే మాట. ఆమె పక్కామె అదే మాట.

ఆడ నాకు ఫికర్ షురూ అయ్యింది. గింతమంది ఒక్కసారి మెచ్చుకుంటే దిష్టి తగులదా? మెచ్చుకున్న చేను మర్నాడే మాడుతదని మా అవ్వ చెప్పేది. అక్క పనిల ఉన్నది, నేనే తీస్త అనుకున్న. సప్పుడు చెయ్యకుంట వంటింట్లకు పోయిన. గుప్పెడు ఉప్పు, గుప్పెడు ఎండు మిరపకాయలు పట్టుకున్న. హాలు దిక్కు తిరిగి ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అనుకుంట మూడుసార్లు తిప్పిన. తిప్పినయి నిప్పుల ఏయ్యాలె గదా? ఎదురుంగనే ఎర్రగ కుంపటి. ఏసేసిన.

ఘాటు రాలే.

మీకెరికే గదా, దిష్టి లేకుంటే ఘాటు వస్తది, దిష్టి ఉంటే రాదు. నేను ముక్కు దగ్గర పెట్టి మరీ చూసిన. ఇంతన్న రాలే! "అమ్మో, సత్రానికి ఎంత దిష్టి ఉన్నదో!" అని ఇంకో గుప్పెడు ఏసిన. అయినా రాలే. అక్క సత్రం ఆగమైపోతదేమోనని డబ్బా బోర్లిచ్చిన.

నేను చుట్టిన మోటర్ సంగతి నాకు యాదికుంటేగా! ఘాటంత అది గుంజుకపోయి, డ్రాగన్ నోట్లకెళ్లి హాల్ల ఊదుతున్నది!

ముందుగాల మహారాజు తుమ్మిండు. కిరీటం ఎగిరి చారుల పడ్డది. ఎనక మాంత్రికుడు దగ్గుడు. ఆ ఎనక అపార్ట్‌మెంట్ మొత్తం దగ్గుడు! ఏమైందో చూద్దామని నేను ఉరికొచ్చి సక్కగ డ్రాగన్ మొఖం ముంగట నిలబడ్డ. అది నా కండ్లల్ల బుస్సుమన్నది. నా తండ్రీ! కండ్లు కనబడలే, ఊపిరాడలే. "డ్రాగన్! డ్రాగన్! సంపుతున్నది నాయనో!" అని ఒర్రుకుంట, కత్తి పారేసి, పిల్లలకంటే ముందుగాల నేనే పక్క తలుపుల నుంచి బయటపడ్డ. మంచుల ఏం కనబడ్తది? పోయి పోయి కాగితం పూల కంచెల పడ్డ. కవచం ముండ్లల్ల ఇరుక్కున్నది. లేవరాదు, కూసోరాదు.

ఆడికెళ్లే చూసిన స్వరూపక్కను. కొంగు ముక్కుకు కట్టుకున్నది. బ్లోయర్ బందు చేసింది, తలుపులన్నీ తెరిచింది, పిల్లలను చెయ్యి పట్టి వాకిట్ల నిలబెట్టింది. మొఖంల జరంత పరేషాన్ లేదు! లోపల పీకుతనే ఉండొచ్చు గనీ బయటికి కనబడనియ్యలే.

"పిల్లలూ!" అన్నది గట్టిగ. "మన డ్రాగన్‌కు ఎవరో మిరపకాయలు తినిపిచ్చిన్రు. పాపం దాని కడుపు మండుతున్నది! ఏం చేద్దాం?"

దగ్గులు ఆగినయి. ఒక పిల్ల, "మజ్జిగ పోద్దాం!" అన్నది.

"శభాష్! పదుండ్రి!"

పొగ పోయినంక పిల్లలు లైన్ కట్టిన్రు. గ్లాసు గ్లాసు మజ్జిగ చేతికి చేతికి అందిచ్చుకుంట పోయిన్రు. అక్క ఒక్కొక్క గ్లాసు కుంపట్ల కుమ్మరిచ్చుడు, అది సుయ్యిమనుడు, పిల్లలు చప్పట్లు కొట్టుడు! ప్రసాద్ గారు కండ్లు తుడుసుకుంటనే చేతులు లేపి, "శాంతించు డ్రాగనూ! శాంతించండి బాబూ, మీకు దండం పెడతాను!" అని మంత్రం సదివిన్రు. డ్రాగన్‌కు సుత 'అండి'! వసుంధర మేడం కండ్లల్ల నీళ్లు. నవ్వి నవ్వి వచ్చినయో, మిరపకాయలకు వచ్చినయో దేవునికెరిక.

ఏడ్సుకుంట పోవాల్సినోళ్లను నవ్వుకుంట నిలబెట్టింది అక్క. గా నిమిషంల ముండ్లల్ల ఉన్నా గనీ, నాకు చప్పట్లు కొట్టాలనిపిచ్చింది. చేతులు ఇరుక్కున్నయి గాబట్టి కొట్టలే.

బాపు వచ్చి నన్ను గుంజుకుంట, "ఏం చేసినవ్‌రా?" అని చెవుల అడిగిండు. చెప్పిన. నెత్తి కొట్టుకున్నడు. "ఒరేయ్, గింత ఘాటు వచ్చిందంటే దిష్టే లేదురా పిచ్చోడా!" అన్నడు.

పోయేముందు మేడం అక్క చేతులు పట్టుకున్నది. "ప్రతి ఆదివారం వస్తాం. కానీ ఒక్క కండిషన్," అన్నది. నా మోటర్ గురించే అనుకొని ముంగటికి జరిగిన. "డ్రాగన్‌కి కోపం రావాలి, మిరపకాయలు మాత్రం వద్దు. పిల్లలు మజ్జిగ పోయాలి. ఈ వీరుడు గారు ఇట్లాగే అరిచి పారిపోయి చెట్టులో పడాలి. అబ్బ, ఏం యాక్టింగ్ అండీ మీది!"

"అది యాక్టింగ్ కాదు మేడం" అనబోయిన. అక్క నా దిక్కు చూసింది. గా చూపుల సత్రం మొత్తం ఉన్నది.

"నెల సంది ప్రాక్టీస్ చేస్తున్న మేడం," అన్న.

అక్క సత్రం నిలబడ్డది. అది చాలు నాకు. నా పరువే కొంచెం అటిటు. ఎవరో నేను ఉరుకుడు వీడియో తీసి గ్రూపులల్ల పెట్టిన్రు. ఇయ్యాల పొద్దుగాల మన పక్కూరు ప్రొద్దుటూరు నుంచి ఓ రైతన్న కాలిపోయిన మోటర్ తెచ్చిండు, ఎంబడి మనమరాలు. ఆ పిల్ల నన్ను చూసుడుతోనే, "తాతా, డ్రాగన్‌కు భయపడేటాయన గీయనే!" అని ఎగిరింది. ఒక్కసారి ఉరుకుమని ఒక్కటే గోల. ఏం చేస్తం, గిరాకి గదా. దుకాణం ముంగట అటు కొస నుంచి ఇటు కొసకు "సంపుతున్నది నాయనో" అని ఉరికిన. రోడ్డంత చూసింది.

పిల్ల మూతి ముడిసింది. "ఊహూఁ, వీడియోల ఉన్నంత భయం రాలే," అన్నది.

అందుకే రేపటి సంది ఛాయ్‌కు లేట్ వస్త. షట్టర్ దించి భయపడుడు నేర్చుకుంటున్న.