రెండు దిమ్మెల ఆక్రమణ

మునిరాజు ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా పనిచేశాడు. పుంగనూరులో పన్నెండేళ్లు, కుప్పంలో పదేళ్లు, మిగతాది మదనపల్లెలో. ఆ మూడు చోట్లా తాను కొలవని చేను లేదని ఆయనే చెప్పుకుంటాడు. ఇంకెవరూ చెప్పరు. అంతమంది భూములు కొలిచిన మనిషి తనకంటూ ఇల్లు మాత్రం కట్టుకోలేదు. నిమ్మనపల్లె రోడ్డులో సైటు చూస్తే దారి మూడడుగులు తక్కువొచ్చింది. పుంగనూరులో చూస్తే ఒక మూల కోసుకుపోయింది. ఇంకోచోట అన్నీ సరిగ్గా ఉంటే, అన్నీ ఇంత సరిగ్గా ఎందుకున్నాయని అనుమానమొచ్చింది. అలా అనుమానపడుతూనే రిటైరయ్యి, మదనపల్లెలో అద్దె ఇంట్లో భార్య సరోజమ్మతో ఉంటున్నాడు.

కూతురు అనూష కుప్పంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆ మధ్య సెలవులకొచ్చినప్పుడు వీడియో ఆటల పెట్టె ఒకటి తెచ్చి టీవీకి తగిలించింది.

“నాయనా, పొద్దస్తమానం ఒకటే పేపరు ఎన్నిసార్లు సదవతావు? ఇది ఆడు. దిమ్మెలు తవ్వుకో, పేర్చుకో, ఇల్లు కట్టుకో. ఇందులో భూమికి అంతే లేదు. ఎవురూ అడగరు.”

భూమికి అంతు లేదనేసరికి మునిరాజు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

మొదటిరోజు ఆయన చేసిందల్లా హద్దురాయి కోసం వెతకడమే. ఆ లోకంలో చెట్లు చదరం, మబ్బులు చదరం, ఆఖరికి గొర్రెలు కూడా చదరం. నా సర్వీసులో ఇలాంటి భూమి ఒక్కటన్నా తగల్లేదే అని మురిసిపోయాడు. రెండోరోజు తన కాళ్ల కిందే తవ్వుకుని గోతిలో పడ్డాడు. పైకెలా రావాలో తెలియక, టీవీ నిండా కనిపిస్తున్న మట్టిని చూస్తూ గంటసేపు కూర్చున్నాడు.

సరోజమ్మ కాఫీ తెచ్చి, “యాల అట్లా కూసున్నారు? టీవీ చెడిపోయిందా?” అనడిగింది.

“లేదు. నేను గుంతలో ఉండాను.”

ఆమె తెరమీది మట్టిని చూసింది. “మెట్లు మాదిరి తవ్వుకుంటా పైకి రావచ్చు గదా?”

“తెలుసు. మట్టి ఎట్లుందో పరిశీలిస్తాండాను” అన్నాడు మునిరాజు. ఆమె వంటింట్లోకి వెళ్లాక మెట్లు తవ్వుకుని పైకొచ్చాడు.

వారం తిరక్కుండా రెండో రిమోటు సరోజమ్మ చేతికొచ్చింది. టీవీ తెర సగం ఆయనకు, సగం ఆమెకు. ఆమె వాగు దగ్గర గుమ్మడి విత్తనాలు నాటి, చుట్టూ కంచె వేసింది. “నా తోట ఈడినించి ఆడిదాకా” అంది. ఈడినించి ఆడిదాకా అనే కొలత వినగానే మునిరాజుకు ఒళ్లు జలదరించింది. వెంటనే పుస్తకంలో పటం గీశాడు. నాలుగు మూలలా రాతి దిమ్మెలు పాతి, తోటకు ఇరవై దిమ్మెల వెడల్పు అని ప్రకటించాడు. తోటకూ వాగుకూ మధ్యనున్న జాగాలో తన ఇల్లు మొదలుపెట్టాడు. పన్నెండు రోజులు కట్టాడు. గోడలు లేచినకొద్దీ భోజనానికి పిలిస్తే పలకడం మానేశాడు.

ఇల్లు పూర్తయిన రోజు సరోజమ్మ మెల్లగా అంది: “మీ గోడ నా తోటలోకి వచ్చుండాది.”

“నాకు కొలతలు నేర్పిస్తాండావా సరోజా?”

“నేర్పీలేదు. ఇరవై సాళ్లు ఉండాల. పద్దెనిమిదే ఉండాయి. ఈ పక్క మీ హద్దురాళ్లు గూడా కనపళ్లేదు.”

“చెట్లే జరిగుంటాయి” అన్నాడు మునిరాజు.

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. రాయే జరిగింది సార్ అన్న రైతులను చూసి ముప్పై నాలుగేళ్లు నవ్వినవాడాయన.

సరోజమ్మ గొడవ పెట్టుకోలేదు. పుంగనూరుకు ఫోన్ చేసి ఘనిని రమ్మంది. ఘని మునిరాజు దగ్గర ఇరవై ఏళ్లు చైన్‌మన్‌గా కొలతగొలుసు మోసిన మనిషి. మరుసటి బుధవారం మదనపల్లెలో పనుండి వచ్చినవాడు, నేరుగా వీళ్లింటికొచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని టీవీ ముందు కుర్చీ వేసుకున్నాడు.

“ఇదేనా సార్ ఫీల్డు?”

తెరమీద వేలు పెట్టి ఒక్కో దిమ్మె లెక్కపెట్టాడు. రెండోసారీ లెక్కపెట్టాడు. తర్వాత చాలా మర్యాదగా, “సార్, గోడ మందం కలిపినారా?” అనడిగాడు.

మునిరాజు పుస్తకం తెరిచాడు. కలపలేదు. గది లోపలి కొలతే వేసుకున్నాడు. వాగు పక్కనుంచి కట్టుకుంటూ వచ్చాడు కాబట్టి, రెండు గోడల మందమూ తోటలోకి తోసుకొచ్చింది. ఆ పక్కనున్న కంచెనూ, తను పాతిన హద్దురాళ్లనూ పునాదిలో కలిపేసుకున్నాడు.

ఘని గొంతు తగ్గించి, “సార్, కుప్పంలో గురప్ప గుర్తుండాడా?” అన్నాడు.

గుర్తులేకేం. గురప్ప కట్టిన కొత్త ప్రహరీ పక్కవాళ్ల జాగాలోకి అడుగు పోయింది. గోడ మందం లెక్క తప్పింది సార్, తెలీక జరిగింది అని అతను బతిమాలుకుంటుంటే, మునిరాజు ఊరందరి ముందు ఒక మాటన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ మాటను ఆయన మూడూళ్ల టీకొట్లలో ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పాడు, ఎన్నోసార్లు.

ఘని ఆ మాటను మళ్లీ అనలేదు. సరోజమ్మే అంది: “మందం గోడది కాదప్పా, బుర్రది.”

ఘని తలొంచుకుని కాఫీ గ్లాసులోకి చూశాడు. మునిరాజు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆరోజు అందరూ నవ్వారనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. గురప్ప నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

రిమోటు తీసుకుని తన గోడ తనే పడగొట్టుకున్నాడు. పడగొట్టడం పూర్తయ్యేలోపు ఆటలో పొద్దుగూకింది. గోడ లేని పక్కనుంచి, ఆ ఆటలో చీకటి పడితే తిరిగే పచ్చటి భూతమొకటి చప్పుడు చేయకుండా లోపలికొచ్చి, బుస్సుమని పేలిపోయింది. సగం ఇల్లు ఎగిరిపోయింది. గుమ్మడికాయలకు ఏమీ కాలేదు.

“ఎట్లా కడతారో నిదానంగా కట్టుకోండి. నేను రాళ్లు తవ్వి ఇస్తా” అంది సరోజమ్మ.

తర్వాతి వారం అనూషను చూడడానికి కుప్పం వెళ్లినప్పుడు మునిరాజు గురప్ప ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. జుట్టంతా నెరిసిన గురప్ప, ఆయన్ను చూడగానే గాబరాగా లేచి నిలబడ్డాడు.

“మళ్లా ఏమొచ్చింది సార్?”

“నీకేం రాలేదప్పా. నాకొచ్చింది” అని మునిరాజు మొత్తం చెప్పాడు. ఆట సంగతి గురప్పకు సగం కూడా అర్థం కాలేదు.

“అంటే, మీరే కొలిచి, మీరే కట్టి, అమ్మ జాగాలోకి పోయినారా?”

“పోయినాను.”

“యాల పోయింది?”

“గోడ మందం.” మునిరాజే మళ్లీ, “నా బుర్ర మందం” అన్నాడు.

గురప్ప ఆయన మొహంలోకి చూసి, ఇది వెటకారం కాదని నిర్ధారించుకుని, అప్పుడు నవ్వాడు. నవ్వీ నవ్వీ పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. లోపలికి తిరిగి, “మేయ్, సర్వేయర్ సారు గోడ పడగొట్టుకున్నాడంట, వచ్చి విను!” అని పెళ్లాన్ని కేకేశాడు. ఆవిడ మజ్జిగ తెచ్చింది. ఆవిడ కోసం మునిరాజు కథంతా మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి గుంతలో పడ్డ సంగతి కూడా కలిపాడు.

మజ్జిగ తాగాక గురప్ప ఆయన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. కొత్తగా ఆవుల కొట్టం వేస్తున్నాడట. టేపు కొస మునిరాజు చేతికిచ్చి, “మీరు ఆ మూల కదలకుండా పట్టుకోండి సార్, చాలు. కొలత నేను సూసుకుంటా” అన్నాడు.

మునిరాజు వంగి, కదలకుండా పట్టుకున్నాడు.