గొంతెత్తని ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మరియమ్మకు మైకెందుకని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, నవ్వండి, నేను ప్రార్థన మొదలుపెడితే పక్కనున్న పెద్దకడుబూరు దాకా వినబడుతుందని మన సంఘంలో అందరూ అనే మాటే. దేవుడు చెవిటివాడా అత్తా అని నా అల్లుడు కూడా ఎగతాళి చేసేవాడు. అలాంటి నన్ను దేవుడు నోరు మూయించి మరీ నా మనవరాలిని బ్రతికించాడు, ఆ సంగతి చెప్పడానికే నిలబడ్డాను.

పోయిన పత్తి కాలంలో నా కూతురు సుగుణకు ఏడో నెలలోనే కాళ్లూ మొహమూ వాచిపోయి, కళ్లు మసకలు కమ్మి, నొప్పులు మొదలయ్యాయి. ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోతే మా వల్ల కాదన్నారు, అక్కడినుంచి ఆదోనికి బండిలో పడుకోబెట్టుకుని పోతుంటే దారి పొడుగునా యేసయ్యా, యేసయ్యా అని అరుస్తూనే ఉన్నాను. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పిడికెడు ప్రాణం! ఏడవలేదు, ఏడిచే బలం కూడా లేదు. గాజుపెట్టెలో పెట్టి, ముక్కుకు గొట్టం వేసి, తలుపు మూసేశారు. సుగుణ ఏమో ఫిట్స్ వచ్చి మేడమీద వార్డులో తెలివి లేకుండా పడి ఉంది. నేను ఏ తలుపు దగ్గర కూర్చోవాలి, మీరే చెప్పండి!

సంఘం నుంచి అక్కలు వచ్చారు. మనకు అలవాటే కదా, అందరం ఒక్కసారిగా గొంతెత్తితేనే ప్రార్థన చేసినట్టు. ఆ గాజుపెట్టెల గది ముందే మోకాళ్లూని చప్పట్లు చరుస్తూ మొదలుపెట్టాం. లోపలినుంచి నర్సమ్మ పరుగున వచ్చింది.

"అవ్వా, నీకు దండం పెడతా, అరవొద్దు. సప్పుడుకు పిల్లోళ్లు ఉలిక్కిపడతాండారు. నీ మనవరాలు అసలే ఊపిరి తీసుకునేది మరిసిపోతాంది."

ప్రార్థన వద్దనడానికి ఈమె ఎవరని నాకు ఒళ్లు మండి గొడవకు లేచాను, కానీ ఆ చివరి మాట చెవిన పడి మళ్లీ కూర్చున్నాను. దేవుణ్ణి పిలిచే నా కేకే నా పిల్లకు హాని చేస్తుందా అని కుమిలిపోయాను. అక్కలను ఇంటికి పంపించేశాను.

కొన్నాళ్లకు ఆ నర్సమ్మే నన్ను లోపలికి పిలిచింది. బిడ్డను ఒంటికి ఆనించి వెచ్చగా పెట్టుకోవాలట, తల్లికి తెలివి వచ్చినా ఇంకా లేచే శక్తి లేదు కాబట్టి నన్ను రమ్మంది. ఎండిపోయిన ముసలిదాన్ని, నా దగ్గర ఏముందమ్మా అన్నాను.

"ఒళ్లు ఎచ్చగుంటే సాలవ్వా" అంది.

సబ్బుతో స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని కూర్చుంటే, పాపను నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డ చుట్టారు. పత్తి మూటలు మోసిన ఒళ్లు కదా, ఆ బరువు నాకు తెలియనే లేదు. ఉన్నట్టుండి పాపకు తగిలించిన మిషను కూత పెట్టింది. పాప కదలడం లేదు. కేక గొంతు దాకా వచ్చింది, మింగేశాను. పెదవి కొరుక్కుని లోపలే అడిగాను: "యేసయ్యా, నా నోరు కట్టేసినావు. ఇంగ నా ఊపిరే నా ప్రార్థన. నేను పీల్చినట్టు దీనితోనూ పీల్పించు తండ్రీ." నర్సమ్మ వచ్చి పాప అరికాలు మీద మెల్లగా తట్టింది, ఆ చేతిని దేవుడే వాడుకున్నాడు, నా అరచేతి కింద ఆ చిన్న వీపు లేచింది, పడింది, మళ్లీ లేచింది. దేవునికే మహిమ!

ఆ తర్వాత రోజూ అలాగే కూర్చున్నాను. నా బ్రతుకులో అంత మౌనంగా ఎప్పుడూ లేను, దేవుడు అంత దగ్గరగా ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. సుగుణ గోడ పట్టుకుని నడిచి వచ్చి బిడ్డను తన గుండెలకు హత్తుకున్న రోజు, నేను వరండాలోకి పోయి ఏడ్చాను, అదీ చప్పుడు లేకుండానే.

మీలో ఎవరైనా అలాంటి తలుపు బయట కూర్చుని, మాట రాక, గొంతు పెగలక ఉన్నారా? భయపడొద్దు. డాక్టర్లు చెప్పినట్టు చేయండి, మన తండ్రిని నమ్ముకోండి. నోరు తెరవని ప్రార్థన కూడా ఆయన వింటాడు, నేను సాక్షిని.

ఇంక ఆపుతాను. అదిగో, వెనక వరుసలో నా మనవరాలు దీవెన ఏడుపు మొదలుపెట్టింది, నా మాట మీకు వినబడడం లేదు. బయటికి తీసుకుపోవద్దు సుగుణా, ఉండనీ. పుట్టినప్పుడు ఏడవలేని పిల్ల. సంఘమంతా విననీ.