కుట్లు బయటికి తొడుక్కున్న టైలరు

వీధిలో అందరికీ ఆయన కోటు బాబాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా కోట్లు తప్ప మరొకటి కుట్టలేదు. ఎవరైనా చొక్కా గుడ్డ తెస్తే, కంసాలి దగ్గరికి మేకులు తెచ్చినట్టు చూస్తాడు.

"చొక్కాలు ఆ మూల షాపులో కుడతారు బాబూ. ఇక్కడ భుజాలు కుడతాం."

పక్కన కూర్చుని కాజాలు తీసే ఆయన భార్య, అందరికీ పిన్ని, దారం కొరుకుతూ అందుకుంటుంది. "భుజాలు కుట్టే మహానుభావుడికి మోచేతుల సంగతే తెలీదు."

మోచేతుల సంగతంటే ఎగ్జిమా. అది బాబాయికి చిన్నప్పటినుంచీ ఉన్నదే. మోచేతి మడతల్లో, మెడ వెనక కాస్త కనిపించి పోతుండేది. ఈమధ్య వేళ్ల దాకా దిగింది. చర్మం ఎండి, పొట్టు రేగి, వేలి కొసలు సన్నగా చీలుతున్నాయి. దురద పుట్టిందంటే చేతిలో ఏదుంటే దానితోనే గోకేస్తాడు. టేపుతో, స్కేలుతో, ఒకసారి కోటు హ్యాంగరుతో కూడా. గోకుతున్నంతసేపూ స్వర్గం, ఆపాక నరకం.

ఇలా ఉండగా ఒక మ్యాజిక్కాయన వచ్చాడు. తెల్లకోటు కావాలన్నాడు. బయటికి కనబడని జేబులు పదకొండు ఉండాలి, అన్నీ చేతికుట్టుతోనే, మూడు వారాల్లో కావాలి. మిషను కుట్టయితే చెయ్యి దూర్చినప్పుడు తగులుతుందట.

బాబాయి ముఖం వెలిగిపోయింది. పిన్ని మాత్రం ఆయన వేళ్లకేసి చూసింది.

"తెల్లకోటండీ. ఒక్క చుక్క రక్తం అంటితే ఇంతే సంగతులు."

"అంటదు."

"పోనీ, జేబులు నేను కుడతాను."

"నువ్వు కాజాలు చూసుకో. కోటు లోపల రెండో చెయ్యి పడకూడదు. మా గురువు మాట."

"మీ గురువుకి ఎగ్జిమా లేదుగా!"

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. చేతులు బాగుపడితే ఆయనే కుడతాడు. బాగుపడకపోతే కోటు వెనక్కి ఇచ్చేస్తారు. కోటు వెనక్కి ఇవ్వడమన్నది బాబాయి జన్మలో లేదు. అందుకే మర్నాడే డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

ఆవిడ చేతులు చూసి, మందు సంగతి తర్వాత, ముందు రోజంతా ఏం చేస్తారో చెప్పమంది. బాబాయి గర్వంగానే మొదలుపెట్టాడు. పొద్దున్నే పొగలు కక్కే నీళ్లతో అరగంట స్నానం. నలుగు పెట్టినట్టు సబ్బు రుద్దుడు. మంచి వాసన వచ్చేదే వాడతాడు. పనిలో కూర్చోగానే వేళ్లకి సుద్దపొడి.

"సుద్దపొడి ఎందుకు?"

"చెమట గుడ్డకి అంటకుండా అమ్మా. చేతికి జిడ్డు ఉన్నవాడు టైలరే కాదు."

"అంటే ఉన్న కాస్త తడినీ మీరే సుద్దతో పీల్చేస్తున్నారన్నమాట. మరి లోపల ఏం వేసుకున్నారు?"

బాబాయి చొక్కా పక్కకి జరిపి చూపించాడు. కోట్ల లోపలికి వేసే మెరుపు లైనింగు మిగిలిన ముక్కలతో ఆయనే కుట్టుకున్న బనియను. కొత్త గుడ్డ, ఒక్కసారి కూడా ఉతకలేదు. పైగా మెడ వెనక సొంత షాపు లేబులు.

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "దురద దారి తప్పకుండా అడ్రసు కూడా కుట్టుకున్నారా పెద్దాయనా!"

ఆవిడ చెప్పినవి పిన్ని కాజాల లెక్కల పుస్తకం వెనక రాసుకుంది. నీళ్లు గోరువెచ్చగా, స్నానం పది నిమిషాలకి మించకుండా. వాసన లేని మెత్తటి సబ్బు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే చిక్కటి క్రీము. నూలు బట్టలు, కొత్తవైతే ఉతికాకే ఒంటిమీదికి. గోళ్లు పొట్టిగా. దురద వస్తే గోకకుండా చల్లటి తడిగుడ్డ. పూతమందు మాత్రం ఎర్రబడ్డ చోటే, చెప్పినన్ని రోజులే. రాత్రి చేతులకి క్రీము దట్టంగా రాసి నూలు గ్లవుజులు.

గ్లవుజుల దగ్గరే అసలు తంటా వచ్చింది. బజారులో దొరికేవి బాబాయికి నచ్చలేదు. పాత దుప్పటి చింపి, ఒక్కో వేలికీ కొలత తీసి సొంతంగా కుట్టుకున్నాడు. చూడముచ్చటగా కుదిరాయి. తెల్లారేసరికి వేళ్ల పక్కల ఎర్రటి గీతలు!

పిన్ని గ్లవుజు లోపల వేలు పెట్టి చూసింది. "కుట్లు గీసుకుంటున్నాయండీ. తిరగేసి తొడుక్కోండి."

"కుట్లు బయటికా?" బాబాయి నిజంగానే బాధపడ్డాడు. "ముప్పై ఎనిమిదేళ్లుగా కుట్టు దాచి బతుకుతున్నాను. ఎవరైనా చూస్తే?"

"నిద్రలో మీ గ్లవుజులు చూడ్డానికి ఎవరొస్తారు? నేనొక్కదాన్నే. మీ గొప్పతనం నాకు తెలీనిదా!"

తిరగేసి తొడుక్కున్నాడు. మొదటి రాత్రి చేతులు దుప్పటి కింద దాచుకుని పడుకున్నాడని పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

వారం తిరిగేసరికి వేళ్లు మెత్తబడ్డాయి. పనికి అరగంట ముందు క్రీము రాసుకుని, ఇంకేదాకా కత్తెర ముట్టుకోకుండా కూర్చోవడం ఆయనకి పెద్ద శిక్ష. ఆ అరగంటా వీధిలో వెళ్లేవాళ్ల భుజాలకి వంకలు పెట్టేవాడు. ఇస్త్రీ ఆవిరి ఒళ్లంతా చెమట పట్టిస్తోందని ఆ బల్లని కిటికీ పక్కకి జరిపారు. పదో రోజున ఒక జేబు, మర్నాడు ఇంకొకటి. పంతొమ్మిదో రోజుకి పది జేబులు పూర్తయ్యాయి. కోటు మీద ఈగ వాలినంత మచ్చ కూడా లేదు.

ఇక ఒక్కటే మిగిలిందనగా మిషను మొరాయించింది. బాబాయి దాన్ని విప్పి, నూనె పోసి బాగుచేశాడు. చేతులు నల్లగా అయ్యాయి. ఆ చేతులతో తెల్లకోటు ఎలా ముట్టుకుంటాడు? పిన్ని లోపల ఉంది. గిన్నెలు తోమే సబ్బు తీసుకుని, పీచుతో, వేణ్ణీళ్లతో మణికట్టు దాకా తోమేశాడు. క్రీము రాసుకుంటే మళ్లీ అరగంట ఆగాలి కదా అని అదీ ఎగ్గొట్టాడు. సాయంత్రానికి చూపుడువేలి కొస చీలింది. మర్నాడు పొద్దున్న సూది పట్టుకుంటే చుక్క రక్తం వేలిమీద నిలిచింది.

కోటు మీద పడకముందే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేలికి గుడ్డపీలిక చుట్టుకున్నాడు. పిన్ని దెప్పలేదు. ఆవిడ దెప్పకపోయేసరికి ఆయనకి భయం వేసింది.

"ఏమే, మ్యాజిక్కాయన రేపేగా వచ్చేది?"

"ఊఁ. వెనక్కి ఇచ్చేద్దామా? ఒప్పందం అదేగా."

బాబాయి కోటు వంక చూశాడు, వేలి వంక చూశాడు. గురువు మాట ఒక పక్క, పది జేబులు ఇంకో పక్క. సూది తిరగేసి, మొన తన వైపుకి ఉంచుకుని పిన్నికి అందించాడు.

"కుట్టు చిన్నదిగా పడాలి."

"తెలుసు."

"దారం మరీ లాగకు."

"మీరు పోయి క్రీము రాసుకోండి. నా పనికి వంకలు పెట్టేందుకు అరగంట దొరుకుతుంది."

మర్నాడు మ్యాజిక్కాయన కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. వేలికి పట్టీతో బాబాయి గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"పది జేబులు నావి బాబూ. ఒకటి మా ఆవిడ కుట్టింది. నచ్చకపోతే విప్పి మళ్లీ నేనే కుట్టి ఇస్తాను."

"అది ఏ జేబో చెప్పకండి మాస్టారూ. నా చెయ్యే చెబుతుంది." మ్యాజిక్కాయన కళ్లు మూసుకుని, ఒక్కో జేబులో చెయ్యి పెట్టి తీశాడు. పిన్ని కాజా మీదనుంచి తలెత్తలేదు. పదకొండూ అయ్యాక ఎడమవైపు, పక్కటెముకల దగ్గరి జేబులోకి చెయ్యి మళ్లీ పోయింది. ఒకటికి రెండుసార్లు.

"ఇదే కదా అమ్మగారిది? వెన్నలా జారుతోంది. మిగతావి కూడా బాగానే ఉన్నాయిలెండి."

'బాగానే ఉన్నాయిలెండి' అన్న మాటని బాబాయి ఇప్పటికీ జీర్ణించుకోలేదు. కానీ ఆ రోజునుంచి ఆ షాపులో లోపలి జేబులు పిన్నివి. ఆయన మాత్రం ఆవిడ పక్కన కూర్చుని, చేతులకి క్రీము ఇంకేదాకా, కాజాలు ఎలా తీయాలో నేర్చుకుంటున్నాడు.

"వంకరగా ఉంది. విప్పండి" అంటుంది పిన్ని.

ఆయన విప్పుతాడు.