మా కోట పడగొట్టింది మేమేనట!

పోయిన నెల బంగారుపాళ్యంలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళి చూసుకుని చిత్తూరుకు తిరిగి వస్తూ, అత్తగారి ఊరు చూసి ఏళ్ళు గడిచిపోయాయి కదా అని కారును కనుమ దారి పట్టించాను. ఊరి ముందర, ఒకప్పుడు కోట వాకిలి ఉన్న చోట, కొత్తగా ఒక రాతిపలక నిలబెట్టారు. చుట్టూ పూలకుండీలు, పక్కన ఫోటోలు దిగడానికి సిమెంటు అరుగు. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. పాలెగాళ్ళ కాలం నాటి ఈ కోట స్థానికుల నిర్లక్ష్యం వల్ల శిథిలమైందట, గోడల రాళ్ళను ఊరివాళ్ళే తమ అవసరాలకు తరలించుకుపోయారట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాసేవాళ్ళు ఏదో ఒకటి రాస్తారు, ఎండలో నిలబడి నువ్వెందుకు ఆయాసపడడం అని మా ఆయన కారెక్కించారు గాని, ఇల్లు చేరి ఇన్నాళ్ళయినా ఆ మంట ఆరలేదు. నా ఈడు వాళ్ళకైనా చెప్పుకుంటే కాస్త ఊపిరాడుతుందని ఇది రాస్తున్నాను.

నేను ఆ ఊళ్ళో పుట్టినదాన్ని కాను. మా పుట్టిల్లు నగరి. మా నాయనది సేద్యమే అయినా వీధంతా మగ్గాలే కాబట్టి, ఆ టకటకల మధ్యనే పెరిగాను. డెబ్భైల్లో పెళ్ళయి ఎద్దులబండి మీద అత్తవారి ఊరు చేరినప్పుడు బిత్తరపోయి చూశాను. కోట పక్కన ఊరు ఉంటుందనుకున్నాను గాని, ఊరంతా కోట లోపలే ఉంది. రెండు కొండల నడుమ దారికి అడ్డంగా రాతిగోడ, మూలలకు బురుజులు, ఆ గోడను ఆనుకుని మా ఇళ్ళు, గొడ్ల కొట్టాలు, గడ్డివాములు. మా కొట్టానికి వెనకగోడ తూర్పు బురుజే.

ఆ ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళు అప్పట్లో ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే. కానీ ఆ కోట కట్టింది సముద్రానికి భయపడే. తూర్పు తీరాన ఓడలు దిగిన సైన్యాలు మైసూరు సీమకు ఎక్కాలంటే ఇలాంటి కనుమల గుండానే రావాలి కాబట్టి, ఈ దారి కాయమని పాలెగారు ఇక్కడ గోడ కట్టించి, కాపలా కాసే ఇళ్ళకు మాన్యాలిచ్చాడు. ఇంటింటికీ గోడలో ఒక పాలు. ఈ బురుజు నుంచి ఆ మెట్ల దాకా ఒకరిది, మెట్ల నుంచి దిడ్డివాకిలి దాకా ఇంకొకరిది. ఆ పాలులో రాయి కదిలినా, మొక్క మొలిచినా ఆ ఇంటివాళ్ళదే పూచీ. తర్వాత దొరలు వచ్చారు, ఫిరంగులు ఎత్తుకుపోయారు, మాన్యాలకు పన్ను వేశారు, పాలెగారి వంశమే లేకుండా పోయింది. గోడ పాలు మాత్రం ఎవరూ వదులుకోలేదు. అన్నదమ్ములు వేరుపడితే పొలంతో పాటు గోడ పని కూడా పంచుకునేవారు. పనికిరాని గోడలో భాగం కోసం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి వాదులాడుకునే మనుషుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

తొలకరి పడి రాళ్ళ సందుల్లో మట్టి మెత్తబడగానే కోట పని. ఆ రోజు ఎవరూ పొలంలో మడక కట్టి దున్నరు. మగవాళ్ళు మోకులు నడుముకు కట్టుకుని పైనుంచి దిగేవాళ్ళు, ఆడవాళ్ళం నిచ్చెనలందినంత మేర చూసుకునేవాళ్ళం. గడ్డి, జిల్లేడు, తుమ్మ ఏది మొలిచినా వేరుతో పెకలించి, ఆ బొక్కలో బెల్లం నీళ్ళు పోసి నూరిన సున్నం కూరాలి. అన్నిటికన్నా పెద్ద శత్రువు రావిమొక్క. కాకి రెట్ట వేస్తే చాలు, మొలుస్తుంది. వేలెడంత ఉన్నప్పుడే తీయకపోతే రెండేళ్ళలో గోడను చీల్చేస్తుంది. అలాగని రావిమొక్కను పీకి పారేయడం పాపం. అందుకని ముందు దానికి దండం పెట్టి, వేరు తెగకుండా తీసి, తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయి బంగారుపాళ్యం రోడ్డు పక్కన నాటి రావడం మా ఊరి ఆచారం.

కొత్త కోడళ్ళు మొదటి ఏడాది తప్పకుండా చెయ్యి వేయాలి. నేను నిచ్చెనెక్కి, రెండు వేళ్ళతో ఆకు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఉంటే కింద నుంచి మా అత్త గొంతు ఊరంతా వినబడింది.

“ఏం మే, మల్లెపూలు కోస్తాండావా? మొదుట్లో పట్టుకోని లాగు! గోడ పడేదానికి ముందర నువ్వే పడేట్టుండావే!”

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మా అత్త నోరు అలాంటిది, చెయ్యి మాత్రం బంగారం. ఆవిడ అత్త ఆవిడకిచ్చిన పొట్టి గడ్డపార ఒకటి ఉండేది, పట్టీపట్టీ నడుమ సన్నబడిపోయింది. దాన్ని ఇంట్లో ఇంకెవరినీ తాకనిచ్చేది కాదు. సాయంత్రం నా అరచేతులకు ఆముదం రాస్తూ, వచ్చే ఏటికి నువ్వే పదిమందికి నేర్పిస్తావులే అంది.

పని చేతికొచ్చింది గాని, నా కోడలికి నేర్పించే యోగం నాకు రాలేదు. కొన్నేళ్ళకు ఒక జీపు వచ్చింది. పాత కట్టడాలు కాపాడే ఆఫీసట. వచ్చినవాళ్ళు గోడలు కొలిచి, ఫోటోలు తీసి, ఇంత చెక్కుచెదరకుండా ఉన్న కోట చుట్టుపక్కల లేదని మెచ్చుకుంటే మా మామ ఛాతీ ఉబ్బిపోయింది. బెంగుళూరా మామిడికాయలు బుట్టలకెత్తి జీపులో పెట్టించాడు. మా కోటను సర్కారు గుర్తించిందని ఊరంతా సంబరపడింది. అదే మేం చేసిన బుద్ధితక్కువ పని. ఇన్ని వందల ఏళ్ళు ఇది చెక్కుచెదరకుండా ఎలా ఉందయ్యా అని వాళ్ళూ అడగలేదు, అయ్యా ఇలా ఉంచుకున్నాం అని మేమూ చెప్పలేదు. పండు కోసి చేతిలో పెట్టినట్టు కోటను అప్పగించేశాం.

ఒక బోర్డు పాతారు. ఇకమీదట గోడను తాకినా, తవ్వినా, దానిపై ఉన్నది ఏది తొలగించినా శిక్ష. ఎక్కడి నుంచో తెచ్చిన కాపలాదారును పెట్టారు. ఆ ఏడు తొలకరికి మోకులు, నిచ్చెనలు బయటికి రాగానే అతను పరుగున పోయి ఆఫీసరును తీసుకొచ్చాడు. మా అత్త ఆయన ముందర నిలబడి అడిగింది.

“మొక్క పీకితే తప్పేముండాది సామీ? దాన్ని వదిలేస్తే గోడే పోతాదే!”

“అదంతా మేం చూసుకుంటామమ్మా. దానికో పద్ధతుంది. పైకి రాశాం, మంజూరు కాగానే మా మనుషులే వస్తారు.”

ఆ మనుషులు ఇప్పటిదాకా రాలేదు. ఇందులో మా వాళ్ళ తప్పు లేదని కూడా నేననను. సర్కారే చూసుకుంటుందంట కదప్పా, మనకెందుకీ వెట్టి అని మోకులు అటకెక్కించి హాయిగా కూర్చున్న మగవాళ్ళు చాలామందే. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ వద్దన్నది ఎవరు?

మా అత్త మాత్రం మానలేదు. మరుసటి ఏడు ఒక్కతే పొట్టి గడ్డపార పట్టుకుని మా పాలు దగ్గరికి పోయింది. అప్పటికే బురుజు నెత్తిన రావి మనిషెత్తు లేచింది. దానికి దండం పెడుతుండగానే కాపలాదారు కేకలు పెట్టాడు. పోలీసు వచ్చి, అరవై దాటిన మనిషిని బస్సులో బంగారుపాళ్యం స్టేషనుకు తీసుకుపోయి పొద్దు వాలేదాకా వరండాలో నేల మీద కూర్చోబెట్టాడు. మా ఆయన పోయి, ఇంకెప్పుడూ గోడ జోలికి పోదని పూచీపడి విడిపించుకొచ్చారు. గడ్డపార మాత్రం ఇవ్వలేదు. నిధి కోసం తవ్వడానికి వచ్చిందని రాసుకున్నారట! అబ్బా, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. ఆవిడ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం ముందర కూర్చుని, ఒక్క మాట అంది.

“దొంగనన్నారు మే. మా ఇంటి గోడకు నన్నే దొంగనన్నారు.”

ఎనభైల్లో ఒక కార్తీకమాసం ముసురు పట్టి రోజుల తరబడి విడవలేదు. ఒక మధ్యాహ్నం, మేమంతా భోజనాల దగ్గర ఉండగా, తూర్పు బురుజు రావిచెట్టుతో సహా మా కొట్టం మీద కూలింది. పాలిచ్చే బర్రె, దాని దూడ రాళ్ళ కింద పోయాయి. ఇంకో గంట ఆగి కూలి ఉంటే పాలు పిండడానికి నేను అక్కడే కూర్చుని ఉండేదాన్ని. అప్పుడు మాత్రం జీపు వెంటనే వచ్చింది. మిగతా గోడ కూడా ప్రమాదకరమని తేల్చి, ఒక కాంట్రాక్టరును పెట్టి నడుమెత్తుకు దించేశారు. ఆ రాళ్ళు లారీలకెక్కి రోడ్ల పనులకు పోతుంటే వాకిళ్ళలో నిలబడి చూశాం. మా పక్కింటి ముసలాయన గుడ్డలుతుక్కోవడానికి ఒక్క బండ దొర్లించుకుంటే ఊరందరి ముందూ తిట్టి, ఆ బండను మళ్ళీ లారీలోకి ఎక్కించారు. లారీలు ఎవరివో, రాళ్ళు ఎటు పోయాయో రాయడానికి ఆ పలక మీద చోటు చాలలేదు కాబోలు. నిర్లక్ష్యం అని రాయడానికి మాత్రం బోలెడంత చోటుంది.

మొన్న ఆ పలక దగ్గర ఫోటోలు దిగుతున్న ఊరి కుర్రాళ్ళను అడిగాను, మీ ఇంటి పాలు ఎక్కడిదాకా అని. పొలం గురించి అనుకుని సర్వే నంబరు చెప్పారు. వాళ్ళ తప్పేముంది? నేనే చిత్తూరులో మా వీధి కాలువ పూడితే పార అందుకోను, ఫోను అందుకుంటాను. ఎవరో వస్తారు, ఎవరో చూసుకుంటారు అనే మాటకు మనమంతా అలవాటుపడిపోయాం. మన తరం కళ్ళముందే జరిగింది ఇది.

గోడ దించేసిన మరుసటి ఏడు తొలకరి బాగా పడింది. తెల్లవారి మా అత్త లేచి, ముఖం కడుక్కుని, చెంగు నడుముకు బిగించి, గబగబా గడప దాటింది. వాకిట్లో వాననీళ్ళ మధ్య ఆగిపోయి, కాసేపు ఖాళీ చేతులకేసి చూసుకుని, నా వైపు తిరిగింది.

“యాడికి పోతాండాను మే నేను?”

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఆ తర్వాత ఏ తొలకరికీ ఆవిడ అలా లేవలేదు.