డాడీ ముద్ద, ఎనిమిది గ్రాములు

మా పాప జాహ్నవి ఒక సాయంత్రం హోంవర్క్ రాసుకుంటూ మూడోసారి నీళ్ళ సీసా నింపమని అడిగింది. డిసెంబరు నెల. భిలాయిలో చలికి స్వెట్టర్ లేకుండా వరండాలో కూర్చోలేని రోజులు. సీసా నింపుతూ నేను ఆగిపోయాను. అప్పటికి రెండు రోజులుగా పక్క తడుపుతోంది, మూడో ఏటనే మానేసిన పిల్ల. స్కూలు స్కర్టు జారిపోతోందని ఆ ఉదయమే నడుము దగ్గర పిన్ను పెట్టాను.

"నీళ్ళు తాగితే మంచిదే కదమ్మా, దానికీ బెంగేటి?" అంది మా అత్తయ్య.

నేను తుమ్మినా దగ్గినా కంగారుపడే మనిషినని ఇంట్లో పేరు. అందుకే నా కంగారు మీద నాకే నమ్మకం లేక ఇంకో మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు పాపకి వాంతులు మొదలయ్యాయి. ఊపిరి వేగంగా తీస్తోంది. నోటి నుంచి మగ్గిన పండు వాసన. ఆటోలో సుపేలాలోని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పాప వేలు గుచ్చి షుగర్ మీటర్ పెట్టారు. అంకె రాలేదు, 'హై' అని మాత్రం వచ్చింది. మీటర్ కొలవగలిగిన దానికన్నా ఎక్కువని అర్థమట.

"ఘర్ మత్ జాయియే, సీధా హాస్పిటల్ లే జాయియే" అన్నారు. బట్టలు తెచ్చుకోవడానికి కూడా ఇంటికి వెళ్ళొద్దన్నమాట.

మూడు రోజులు ఐసీయూ. డీకేఏ అన్నారు, ఇన్సులిన్ లేక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకోవడమట. ఇన్సులిన్ డ్రిప్ పెట్టారు. పాపకి వచ్చింది టైప్ వన్ డయాబెటిస్. చాక్లెట్లు కొనిపెట్టినందుకే ఇలా అయిందని అత్తయ్య వార్డు బయట ఏడుస్తుంటే డాక్టరుగారు ఆగి, "మాతాజీ, ఆప్ కే ఖిలానే సే నహీ హువా" అని చెప్పారు. ఎవరు తినిపించినదాని వల్లా రాలేదని. ఆ మాట ఆమెకి ఎంత ఊరటో నాకూ అంతే. కానీ తర్వాతి మాట మా ఇద్దరికీ బరువైంది. ఇక మీద పాప ఏం తిన్నా ముందు దానిలోని కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, లెక్కకట్టి, దానికి తగ్గ ఇన్సులిన్ ఇవ్వాలి. ప్రతి పూటా, జీవితాంతం.

డైటీషియన్ చిన్నమ్మాయి, ఓపికగా నేర్పింది. మా పాపకి ఇరవై గ్రాముల కార్బ్స్‌కి ఒక యూనిట్. అరయూనిట్ కూడా తిప్పగలిగే ఇన్సులిన్ పెన్ ఇచ్చారు. "నోటుబుక్కులో రాయండి, ఫోన్‌లో రాయండి, కానీ రాయకుండా తినిపించొద్దు దీదీ" అని హిందీలో చెప్పి, కేలరీలూ మాక్రోలూ, అంటే కార్బ్స్, ప్రోటీన్, ఫ్యాట్, చూపించే ఒక యాప్‌ని నా ఫోన్‌లో తనే వేసింది. నేను బి.ఎస్సీ. చదివాను. లెక్కలంటే భయం లేదు. ఇది నేను చేయగలను అనుకున్నాను.

యాప్ తెరవగానే అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని కిలోలు తగ్గాలనుకుంటున్నారు అని. మూడు కిలోలు తగ్గిపోయిన ఆరేళ్ళ పిల్ల పక్కనే పడుకుని ఉంది. ఆ యాప్‌లు బరువు తగ్గాలనుకునే పెద్దవాళ్ళ కోసం చేసినవి. పిల్లల వయసు ఎక్కించుకోవు. నా పేరు మీదే ఖాతా తెరిచి పాప తిండి రాశాను. రోజుకి ఇన్ని కేలరీలని అదే ఒక హద్దు పెట్టింది. హద్దు దాటితే అంకె ఎర్రగా మారేది. వారం తిరక్కుండానే పాప అన్నం కలుపుకుంటూ, "మమ్మీ, నేను ఈ రోజు ఎర్రగా ఉన్నానా?" అని అడిగింది. ఆ పూటే సెట్టింగుల్లోకి వెళ్ళి కేలరీల లక్ష్యం తీసేశాను. కార్బ్స్ పైకి, వాటి కింద ప్రోటీన్, ఫ్యాట్ కనిపించేలా పెట్టుకున్నాను. ఎదిగే పిల్ల తినే అన్నానికి హద్దు చెప్పే పని ఆ ఫోన్‌ది కాదు.

ఇంటికొచ్చిన మొదటి మధ్యాహ్నం చేసిన పొరపాటు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చేస్తారు. వంటింటి కాటా మీద వంద గ్రాముల అన్నం తూచాను. యాప్‌లో 'వైట్ రైస్' అని వెతికి మొదట కనిపించినది నొక్కాను. డెబ్బై ఎనిమిది గ్రాముల కార్బ్స్ అంది. దాదాపు నాలుగు యూనిట్లు. ఒక్కసారికి రెండు దాటితే ఫోన్ చేయకుండా ఇవ్వొద్దని డైటీషియన్ చెప్పి ఉండబట్టి ఫోన్ చేశాను.

"దీదీ, కచ్చా కీ పకా హువా?" అని అడిగింది.

పచ్చిదా, వండినదా అని. నేను నొక్కింది బియ్యం. పళ్ళెంలో ఉన్నది అన్నం. వండిన అన్నంలో ఉండేది ఇరవై ఎనిమిది గ్రాములే. పెన్ పక్కన పెట్టి, లెక్క మళ్ళీ మొదటి నుంచి చేశాను.

ఆ తర్వాత యాప్‌లో ఎవరో ఎక్కించిన వంటల్ని నమ్మడం మానేశాను. ఒకే ఇడ్లీకి నాలుగు రకాల లెక్కలుంటాయి. 'ఒక కటోరీ' అంటే ఎవరి కటోరీ? మా ఇంటి గిన్నెలో వాళ్ళ గిన్నెలు రెండు పడతాయి. అందుకని మా వంటలు నేనే ఎక్కించుకున్నాను. పప్పు చేసేటప్పుడు వేసే కందిపప్పు, నూనె, అన్నీ తూచి రాసి, ఉడికాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయాలి. ఖాళీ గిన్నెల బరువులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఇది ఒక్కసారి చేస్తే చాలు, తర్వాత యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఆదివారం పూరీలు తిన్నాక, నూనె అరుగుదలని ఆలస్యం చేయడంతో షుగర్ నాలుగు గంటల తర్వాత పెరగడం చూసి, ఫ్యాట్ అంకె కూడా ఎందుకు చూడాలో అర్థమైంది.

"బంగారం తూసినట్టు తూస్తన్నావేటమ్మా" అనేది అత్తయ్య. "ముందు ఆ ఫోనుకి పెట్టు, అది తిన్నాక పిల్లకి పెడుదువుగాని."

నవ్వొచ్చేది కాదు అప్పుడు. ఇప్పుడొస్తుంది.

మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటర్. పాప ఆసుపత్రి నుంచి వచ్చాక రెండు నెలలు ఆయనకి జనరల్ షిఫ్ట్ ఇచ్చారు. ఆ రెండు నెలల్లో యాప్‌లో రాసే నా లాగ్‌లో ఒక్క పూట ఖాళీ లేదు. డాక్టరుగారు చూసి "బహుత్ అచ్ఛా" అన్నారు. నాకు పరీక్ష పాసైనట్టుంది.

మార్చిలో ఆయన మళ్ళీ మామూలు షిఫ్టుల్లోకి వెళ్ళారు. మొదటి వారం నైట్. ఆ వారమంతా పొద్దున్నే పాప షుగర్ బాగానే ఉండేది. నేను ఇన్సులిన్ ఇచ్చి, తూచిన టిఫిన్ పెట్టి పంపేదాన్ని. పది గంటలకి రెసెస్‌లో స్కూలుకి వెళ్ళి వేలు గుచ్చితే రెండు వందల డెబ్బై, రెండు వందల తొంభై. టిఫిన్ అదే, డోసు అదే. ఐదు రోజులు చూసి, యాప్ నుంచి వారం రిపోర్టు తీసి డాక్టరుగారికి పంపాను. ఆయన చూసి పొద్దుటి లెక్క మార్చారు. ఇరవై గ్రాములకి బదులు పదిహేను గ్రాములకే ఒక యూనిట్. ముప్ఫై గ్రాముల టిఫిన్‌కి ఒకటిన్నర ఇచ్చేదాన్ని రెండు ఇవ్వాలి. శనివారం సెలవు. ఆదివారం మా ఆయనకి వీక్లీ ఆఫ్. కొత్త లెక్క సోమవారం, స్కూలు రోజు నుంచే మొదలుపెట్టాలి.

సోమవారం ఆయనకి ఫస్ట్ షిఫ్ట్. ఐదుంబావుకే వెళ్ళిపోయారు. నేను కొత్త లెక్క ప్రకారం రెండు యూనిట్లు ఇచ్చి పాపని స్కూలుకి పంపాను.

తొమ్మిది నలభైకి క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. "జాహ్నవి కీ మమ్మీ, జల్దీ ఆయియే. బాత్ నహీ కర్ రహీ."

త్వరగా రమ్మని, పాప మాట్లాడటం లేదని. పరుగెత్తాను. పీటీ పీరియడ్‌లో చేతులు వణుకుతూ కూలబడిందట. పిలిస్తే చూస్తోంది కానీ మాట లేదు. నేను ముందే ఇచ్చి ఉంచిన గ్లూకోజ్ పొడిని టీచర్ నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగించారు. నేను వెళ్ళేసరికి షుగర్ నలభై ఆరు. పావుగంట తర్వాత ఎనభై. అప్పుడు పాప నా దుపట్టా పట్టుకుని, "మమ్మీ, నా వాటర్ బాటిల్ ఎక్కడ?" అంది. ఆ టీచరుకి నేను సరిగా థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి యాప్ తెరిచాను. ప్రతి గ్రామూ ఉంది. తప్పెక్కడుందో కనిపించలేదు. మధ్యాహ్నం రెండున్నరకి ఆయన షిఫ్ట్ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా పాప పక్కన కూర్చున్నారు. నేను పాత రోజులన్నీ వెనక్కి తిప్పి చూస్తూ, "పోయిన వారం ఇదే టిఫిన్‌కి రెండు వందల తొంభై వచ్చింది, ఈ రోజు నలభై ఆరు. ఏం మారింది?" అని నాలో నేనే అనుకుంటున్నాను.

పాప మామూలుగా చెప్పింది. "ఈ రోజు డాడీ ముద్ద లేదు కదా, మమ్మీ."

నేను ఫోన్ పక్కన పెట్టి ఆయన వైపు చూశాను.

నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన మనిషి టిఫిన్ తినడు, అన్నం తిని పడుకుంటాడు. మా మామయ్యగారు ఉన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో అదే పద్ధతి. ఆ వారం అత్తయ్య ఆరింటికే అన్నం, పప్పు వండేసేది. నేను పాపకి టిఫిన్ పెట్టి వంటింట్లో డబ్బా సర్దుతుంటే, ఆయన అన్నం కలుపుకుని కూర్చునేవారు. పాప వెళ్ళి నోరు తెరిచేది. ఆయన పెట్టేవారు.

"ఎన్ని?" అని అడిగాను.

"రెండు ముద్దలు. దో నివాలే, వాణీ. అంతకన్నా లేదు." ఆయన వంగి బూట్ల లేసులు విప్పుతున్నారు. "నైట్ వారం దాన్ని చూసేది ఆ పది నిమిషాలే. నేను లేచేసరికి ట్యూషన్‌కి పోతుంది. దాన్నీ రాయాలని నాకు తట్టలేదు."

అత్తయ్యకీ తెలుసు. రోజూ చూసింది. "అది తిండని ఎవులనుకుంటారమ్మా" అంది. "అది తండ్రి సెయ్యి."

కోపం రాలేదంటే అబద్ధం. ఇద్దరి మీదా వచ్చింది. కానీ ఆ ఇంట్లోనే, పది అడుగుల దూరంలో ఉండి, ఆ రెండు ముద్దల్ని చూడనిది నేను. నా కళ్ళు ఫోన్‌లోనూ కాటా మీదా ఉన్నాయి. ఆ లాగ్ పూర్తిగా ఉందని నమ్మి, డాక్టరుగారిని కూడా నమ్మించాను.

డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తిట్టలేదు. పాత లెక్కకే మార్చి, "డేటా అచ్ఛా హై, బేటా. లేకిన్ ఇస్ మే పూరా ఘర్ నహీ హై" అన్నారు. లెక్క బాగుంది, కానీ అందులో ఇల్లంతా లేదు.

ఇక ముద్దలు వద్దని చెప్పేద్దామనే అనుకున్నాను. మా ఆయన కూడా, "మానేస్తాలే" అన్నారు, పాప వైపు చూడకుండా. పాప తన కంచం ఇవతలికి జరుపుకుంది. ఆసుపత్రిలో రోజుకి ఎనిమిది సూదులు పొడిచినప్పుడు కూడా పాప మొహం అంతగా వాడిపోవడం నేను చూడలేదు.

అప్పుడు కాటా తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఎప్పుడూ పెట్టేటట్టే కలపండి" అన్నాను. ఆయన పప్పన్నం కలిపి ముద్ద చేసి కాటా మీద పెట్టారు. ముప్ఫై రెండు గ్రాములు. ఇంకోటి ముప్ఫై. ఇంకోటి ముప్ఫై నాలుగు.

"సూసావా, మా వోడి సెయ్యే తక్కెడ" అంది అత్తయ్య. ఆ రోజు అందరం నవ్వింది ఆ ఒక్కసారే.

యాప్‌లో కొత్త వంటకం ఎక్కించాను. పేరు, డాడీ ముద్ద. ఒకటికి ఎనిమిది గ్రాముల కార్బ్స్. రోజు పక్కన నోట్ రాసే చోట ఆయన షిఫ్ట్ కూడా రాయడం మొదలుపెట్టాను. అంకెలు పెరిగినా తగ్గినా ముందు ఆ నోట్ చూస్తాను.

ఇది జరిగి ఏడాది దాటింది. జబ్బు తగ్గలేదు, తగ్గేది కాదు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మెల్లగా దారిలోకి వచ్చింది. మధ్యలో జ్వరం వచ్చి కీటోన్లు పెరిగి మళ్ళీ రెండు రోజులు వార్డులో ఉన్నాం. నా కంగారు కూడా పోలేదు. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను, రెండింటికి లేచి మళ్ళీ వేలు గుచ్చాలి. కానీ ఇప్పుడు పాప పళ్ళెం చూసి తనే చెబుతుంది, "ఇది నలభై ఉంటుంది మమ్మీ" అని. చాలాసార్లు దగ్గరగానే ఉంటుంది.

ఇలాంటి యాప్ వాడుతున్న తల్లులకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు వడ్డించినది రాస్తే సరిపోదు. వారానికోసారి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, మీ చేతి మీదుగా కాక పిల్ల నోట్లోకి ఇంకేం వెళ్తోందో అడగండి. తప్పు పట్టేటట్టు అడిగితే ఎవరూ చెప్పరు. తెలిసినదాన్ని మాన్పించే ముందు, తూచి రాయడానికి వీలవుతుందేమో చూడండి. డోసు మాత్రం మీ డాక్టరుని అడగకుండా మార్చకండి.

ఇప్పుడు నైట్ వారాల్లో నేను పెన్ ముందే తీయను. షిఫ్ట్ నుంచి వచ్చే మనిషికి ఓవర్‌టైమ్ పడొచ్చు, బండి ఆగిపోవచ్చు. రాని ముద్దకి ఇన్సులిన్ ఇవ్వకూడదు. ఆరు నలభై ఐదుకి పాప యూనిఫాం వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. గేటు చప్పుడవగానే అక్కడి నుంచే అడుగుతుంది.

"డాడీ, ఒకటా రెండా? మమ్మీ రాయాలి."

ఆయన చేతులు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చుంటారు. అప్పుడు రాస్తాను.